సముద్రం దాకా వెళ్ళాల్సిన రైలు

మొన్న మా ఇంటికి కొత్త బీరువా వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తెచ్చిన మనుషులు దాన్ని అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, ఒక మూల పైకెత్తి ఇంకో మూల కిందికి దించి చూశారు. చివరికి వాళ్ళలో పెద్దాయన నడుముకున్న టేపు తీసి గుమ్మానికి అడ్డంగా లాగాడు.

"ఆంటీ, కొనేముందు కొలవలేదా?" అన్నాడు ఇంగ్లీషులో.

"అమ్మా, మెజర్ చేసుకోవాలి కదా లా," అంది మా అమ్మాయి, ఇక్కడి పిల్లల్లా మాట చివర 'లా' తగిలించి, వాళ్ళ పక్షాన చేరిపోయి.

టేపు సర్రుమని వెనక్కి వెళ్ళి డబ్బీలో దూరింది. ఆ చప్పుడు వినగానే నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. చిన్నప్పుడు ఒక దసరా ముందు రోజుల్లో ఆ చప్పుడు అదే పనిగా విన్నాను. అప్పుడూ ఒక గుమ్మమే. దాటాల్సింది మాత్రం బీరువా కాదు. ఒక ఊరు, దాని స్టేషను, ఒక సముద్రం.

ఆ రోజుల్లో మేము ఇక్కడే సింగపూరులో, టోవా పాయో అనే పేటలో ఒక పాత బ్లాకులో అద్దెకుండేవాళ్ళం. కంప్యూటరు నేర్చినవాళ్ళను పిలిచి మరీ పని ఇస్తున్న కాలం అది. నాన్నకూ అలాగే పిలుపు వస్తే, అనకాపల్లి నుంచి సూట్‌కేసులతో, అమ్మ పూజ పీటతో వచ్చి దిగాం. నాన్న పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. నాకేమో బళ్ళో చోటు దొరకలేదు. ఖాళీ ఉంటేనే బయటి దేశం పిల్లల్ని తీసుకుంటామన్నారు. ఖాళీ రాలేదు. అమ్మే నన్ను వంటింటి అరుగు పక్కన కూర్చోబెట్టి చదివించింది. ముందు దీపం, తర్వాత ఎక్కాలు, ఆ తర్వాత తెలుగు, పప్పు ఉడికేలోగా ఇంగ్లీషు. అలా ఇంట్లో చదువుకున్నందుకు ఎవరైనా జాలిపడితే నాకు నవ్వొస్తుంది. బడికి వెళ్ళి ఉంటే మా పై అంతస్తు ఇల్లు నాకు తెలిసేదే కాదు. ఆ ఖాళీ రాకుండా చేసిన అమ్మవారికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మధ్యాహ్నాలు మా నెత్తిమీద గిర్రుమని ఏదో తిరిగేది. పైన పిండి రుబ్బుతున్నారేమో అనుకునేది అమ్మ. ఒక శుక్రవారం చక్రపొంగలి గిన్నె నా చేతికిచ్చి, "పైన తెలుగువాళ్ళేనటే, ఇచ్చిరా," అని పంపింది.

వరండాలో పక్కింటివాళ్ళు ఎండుచేపలు వేయిస్తున్నారు. ముక్కు మూసుకుని నిలబడ్డాను. గ్రిల్లు వెనక నుంచి మాత్రం వేరే వాసన వచ్చింది. కుట్టుమిషను నూనె, సాంబ్రాణి, ఏదో కాలిన తీగ వాసన, మూడూ కలిసి.

"ఎవరమ్మా? కింద ఇంటి పిల్లవా? వా, వా, లోపల వా," అంటూ తమిళం కలిపి పిలుస్తూ ఆ ఇంటి ఆంటీ గ్రిల్లు తీసింది. లోపల్నుంచి ఒక ముసలి గొంతు, "ఏటమ్మా, బువ్వ తిన్నావేటి? సుడా మకాన్?" అని ఒకే ప్రశ్న రెండు భాషల్లో అడిగింది.

ఆయనే ఇంజన్ అంకుల్. ఆ పేరు నేను పెట్టిందే. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చాడట. అంకుల్ ఇక్కడే పుట్టి, వయసులో ఉండగా రైలింజన్ల పని నేర్చుకోవడానికి ఇంగ్లండు వెళ్ళి, తిరిగి వచ్చి, రైల్వే షెడ్డులోనే పనిచేసి రిటైరయ్యాడు. తాత నేర్పిన తెలుగును జాడీలో ఊరగాయలా దాచుకున్నాడు. దానిమీద తమిళం, మలయ్ మాటలు పోపు పెట్టినట్టు పడుతుండేవి. వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లలకని ఉంచిన గదిలో రైలు ఉండేది.

ఆ గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నేను పొంగలి గిన్నె ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. నా మెడ ఎత్తున, మూడు గోడల వెంట ఒకటే బల్ల. తలుపు పక్క పెద్ద స్టేషను. అక్కడ అద్దాల కప్పు, గడియారం, పెట్టెలు మోసే కూలీలు. అక్కణ్ణుంచి పట్టాలు బయల్దేరి, ఇటుక వంతెన మీదుగా, గొర్రెలు మేసే గుట్టల పక్కగా, ఒక సొరంగం దూరి, కిటికీ దగ్గరికి వచ్చేవి. కిటికీ కింద ఇంకో చిన్న స్టేషను. దాని అవతల ఉత్త చెక్క. రంగు లేదు, ఏమీ లేదు.

"అదేంటి అంకుల్?"

"సముద్రం. ఇంకా కాలేదు."

పట్టాల మీద ఆకుపచ్చ ఇంజను. అది నిజానికి కరెంటుతో నడిచేది. కానీ అంకుల్ దాని పొగగొట్టంలో ఒక చుక్క నూనె వేస్తే సన్నగా పొగ వచ్చేది. అప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ముక్కుతో గట్టిగా పీల్చేవాడు, మా అమ్మ హారతి కళ్ళకద్దుకున్నట్టు.

ఆ ఇంట్లో ఒక్కటే కట్టుబాటు. రైలును చేత్తో ముట్టకూడదు. "పట్టాల్లోంచి చక్రాలకు, చక్రాల్లోంచి ఇంజనుకు కరెంటు పోతది. వేలి చెమట తగిల్తే అంతే. బండి ఆగితే ఎందుకాగిందో ఎతకాల. ఏలెట్టి నెట్టేవోడు రైలు మడిసి కాడు." ఆంటీ అయితే ఆ గదిలో చీపురు కూడా పెట్టేది కాదు. ఆయనే చిన్న కుంచెతో ఊడ్చుకునేవాడు.

ముట్టకూడదన్నది రైలును కదా అని నేను మనుషుల మీద పడ్డాను. స్టేషను మాస్టర్ని తీసి కప్పు మీద కూర్చోబెట్టేదాన్ని. ఒకసారి గొర్రెను మొదటి తరగతి పెట్టెలో ఎక్కించాను. అంకుల్ ఏమీ ఎరగనట్టు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ప్రయాణికులకు మనవి. ఈ బండిలో టికెట్టు లేని గొర్రె ఉంది. దయచేసి దాన్ని కింద ఇంటి పాపగారు దించుకోవలెను," అని ప్రకటించాడు. ఆంటీ వంటింట్లో నవ్వి నవ్వి దగ్గింది.

ఆదివారాలు భాయ్ అంకుల్ వచ్చేవాడు. ఆయనది సికింద్రాబాదు. ఇక్కడ ఏదో బ్యాంకులో కంప్యూటర్ల పని. వాళ్ళ తాతా, నాన్నా రైల్వే షెడ్డులో పనిచేసినవాళ్ళు కాబట్టి ఆయన రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాడు. ఆయన వచ్చాక ఇక ముసలీ పడుచూ అన్న తేడా ఉండేది కాదు. ఇంజన్ల కబుర్లే. ఆంటీ కాయా అనే కొబ్బరిపాల జామ్ రాసిన రొట్టెలు, కారప్పూస, నురగ వచ్చేలా పైనుంచి పోసిన టీ తెచ్చిపెట్టేది. మా అమ్మ పులిహోర పంపేది. నాన్న కూడా ఆదివారం కాసేపు వచ్చి, ఏమీ అర్థం కాకపోయినా, అందరితో పాటు తలూపేవాడు.

అంకుల్ చెప్పే కథ ఒకటుండేది. అదే కథ మళ్ళీ మళ్ళీ. ఆయన పని నేర్చుకున్న ఊళ్ళో ఎండాకాలంలో ఒక వారం ఫ్యాక్టరీ మూసేవారట. ఆ వారం ఊరు ఊరంతా తాళాలేసుకుని రైళ్ళెక్కి సముద్రానికి పోయేదట. రొట్టెలమ్మేవాడూ, పాలవాడూ, పాస్టరూ, అందరూ అదే రైల్లో.

"నన్నూ నేనద్దెకున్న ఇంటి దొరసాని లాక్కుపోయింది. ఆవిడా, ఆవిడ పిల్లలూ, నేనూ. ఒకటే పొగ. తెల్ల చొక్కా నల్లగైపోయింది. సొరంగంలో అందరూ పాటలు. బయటికి రాగానే ఎడమపక్క సముద్రం. రైలంతా ఎడమపక్కకి ఒరిగిపోయి ఒకటే కేక! అలామక్! బండి బోర్లా పడతదని నాకు బయం."

"సముద్రం ఎట్లుండె సాబ్?" భాయ్ అంకుల్ ఎప్పుడూ తొలిసారి వింటున్నట్టే అడిగేవాడు.

"చలి. వాన. ఎండాకాలంలో ఓవర్‌కోటేసుకుని ఇసకలో కూచున్నాం. కాగితంలో చేపముక్కలు. నోట్లో సగం చేప, సగం ఇసక."

"ఇక్కడ ఈస్ట్ కోస్ట్‌లో బస్సెక్కితే సముద్రం. వెచ్చగా, సుఖంగా," అనేది ఆంటీ టీ పోస్తూ. "ఆ వణుకుడు సముద్రం కోసం ఇల్లంతా చెక్కలు కొట్టారు."

"నిన్ను తీసుకెళ్తానన్నాను కదే."

"అన్నారు, అన్నారు. మీ అమ్మకు కాలు విరిగిన ఏడూ అన్నారు. షెడ్డులో సెలవు ఇవ్వని ఏడూ అన్నారు. ఇప్పుడు నా మోకాళ్ళు ముగిసినంక అంటున్నారు."

అలా అంటూ ఆంటీ తలుపు పక్కనున్న పెద్ద స్టేషను వైపు గడ్డం ఎత్తి చూపించేది. ఆ ప్లాట్‌ఫారం మీద, టోపీల దొరసానుల మధ్య, బియ్యపు గింజంత పెట్టె పక్కన పెట్టుకుని, ఎర్రచీర కట్టుకున్న ఒక బొమ్మ నిలబడి ఉండేది. అంకులే చేసి రంగు వేశాడు. ఆంటీయే అది.

"చూడమ్మా, నన్ను ఎప్పట్నుంచి ఆ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడో. బండి వస్తుంది, పోతుంది. నన్ను ఎక్కనివ్వడు. కాళ్ళు లాగుతున్నాయి."

"సముద్రం కాకండా ఎక్కడికి తీసుకెళ్ళమంటావే? ఉత్త చెక్క కాడికా?"

సముద్రం అందుకే కాలేదు. ఆయనకు ఆ రంగు దొరకలేదు. ఎన్నిసార్లు కలిపినా, చివరికి మన సింగపూరు సముద్రమే వస్తోందనేవాడు. "అది ఆకుపచ్చ కాదు. నీలం కాదు. బూడిద. బూడిదా కాదు." గీకేసేవాడు. మళ్ళీ కలిపేవాడు. సముద్రం పూర్తయితే తప్ప కిటికీ దగ్గరి స్టేషనుకు బండి పోకూడదని ఆయన పంతం. అందుకే రైలు సొరంగం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేసేది.

అలా ఉండగా ఒకరోజు బ్లాకంతా ఖాళీ చేయాలన్న కబురు వచ్చింది. పాత బ్లాకులు పడగొట్టి కొత్తవి కడతారట. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. సొంత ఇళ్ళవాళ్ళకు వేరేచోట కొత్త ఫ్లాట్లు ఇచ్చారు. అంకుల్ వాళ్ళకు సెంగ్‌కాంగ్‌లో వచ్చింది. కొత్త లిఫ్టు, కొత్త గాలి, అన్నీ మంచివే. ఆంటీ మోకాళ్ళకు కూడా మంచిదే. అందరూ సంతోషించారు. సంతోషించి, సామాన్ల సంగతి మాట్లాడుకుంటూ రైలు గదిలోకి వచ్చారు. అప్పుడు భాయ్ అంకుల్ బల్లను చూశాడు, తలుపును చూశాడు.

"సాబ్," అన్నాడు. "ఇది బయటికెట్ల పోతది?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు.

రైలు బొమ్మలు కట్టేవాళ్ళు మామూలుగా బల్లను ముక్కలు ముక్కలుగా చేసుకుంటారట, విప్పి ఇంకోచోట కలుపుకునేలా. అంకుల్‌కు అతుకులంటే పడదు. అతుకు దగ్గర చక్రం టక్కుమంటుంది, పెట్టె ఊగుతుంది, లోపలున్నవాళ్ళకు తెలుస్తుంది అనేవాడు. అందుకని ఒక చెక్క వేసి, దానికి ఇంకో చెక్క జిగురుతో అతికి, మేకులు కొట్టి, పట్టాలు తెగకుండా వేసుకుంటూ పోయాడు. భాయ్ అంకుల్ కూడా పక్కనుండి చెక్కలు పట్టుకున్నాడు. ఆ గదిలోనే పుట్టి ఆ గదంత పెరిగింది అది. ఇక్కడే ఉంటాం, ఇంకెక్కడికీ పోం అనుకున్నవాళ్ళు చేసే పొరపాటు. అంకుల్ వాళ్ళ తాత సముద్రం దాటి వచ్చినవాడు. అయినా ఆ మనవడికి ఇల్లు మారాల్సి వస్తుందని తోచలేదు.

అప్పుడు మొదలైంది టేపు చప్పుడు. ముందు అంకుల్ కొలిచాడు. మర్నాడు భాయ్ అంకుల్ తన టేపు తెచ్చి కొలిచాడు. నాన్న ఆఫీసునుంచి వస్తూ కొత్త టేపు కొనుక్కొచ్చి కొలిచాడు. ఎవరి టేపుతో వాళ్ళు కొలిస్తే గుమ్మం వెడల్పవుతుందన్నట్టు. కిటికీ కొలిచారు. వాలుగా కొలిచారు. గుమ్మం చట్రం తీసేద్దామన్నాడు నాన్న. తీసేసినా చాలదు. గోడ కొట్టొద్దన్నారు, అది బ్లాకు బరువు మోసే గోడ. కిటికీలోంచి తాళ్ళతో దించుదామంటే, కింద మనుషులు నడిచే చోటు, కుదరదన్నారు.

"మీ కంప్యూటర్లో ఏటైనా దారుంటే సూడు బాబూ," అని అంకుల్ నాన్నను అడిగాడు. అది వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు. లోకంలో అన్ని చిక్కులూ ఆ పెట్టెలే విప్పుతాయని అందరూ అనుకుంటున్న కాలం కదా. నాన్న రాత్రుళ్ళు తెరమీద ఆ బల్ల బొమ్మ గీసి అటూ ఇటూ తిప్పేవాడు. తెరమీద కూడా అది గుమ్మం దాటలేదు.

నేను అమ్మవారిని అడిగాను. వస్తువులు అడక్కూడదని అమ్మ చెప్పింది. దారి మాత్రం అడగొచ్చంది. గుమ్మం దారే కాబట్టి అడగొచ్చని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పొద్దున దీపం దగ్గర కళ్ళు మూసుకుని, అమ్మా, ఆ గుమ్మాన్ని కొంచెం పెద్దది చెయ్యి, అనేదాన్ని. తర్వాత పైకి పరుగెత్తి చూసేదాన్ని. గుమ్మం అలాగే ఉండేది. మరీ పెద్దదడిగానేమో అని మర్నాడు బెత్తెడు మాత్రమే అడిగేదాన్ని.

ఇక కోయక తప్పదని అందరికీ తెలిసిపోయింది. అంకుల్ ఒకటే అన్నాడు. "కొయ్యండి. నా సేతుల్లో ఏటుంది. కొయ్యకముందు ఒక్కసారి బండి సముద్రం దాకా ఎల్లాల. ఈమెను దింపాల." ఆంటీ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది.

ఆ ఏడు ఆయుధపూజ ఆదివారం పడింది. ఆ వారంలోనే ఇల్లు అప్పగించాలి.

"మా షెడ్డుల దసరా అంటే ఏమనుకున్నరు!" అన్నాడు భాయ్ అంకుల్. "ఇంజనుకు అరటి పిలకలు, బంతిపూల దండలు. పసుపు మా తాత స్వయంగా రాస్తుండె. సబ్ లోగ్, అందరం. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, డ్రైవర్ సీటీ కొట్టి బండి కదిలిస్తె పచక్‌మని నలిగేది. అంతే బేటీ, ఇగ ఏడాదంత ఫికర్ లేదు. సాబ్, మనం కూడ చేద్దాం. ఆఖరి బండి కదా."

అందరికీ నచ్చింది. అమ్మ స్నానం చేసి, మడి చీర కట్టుకుని, పళ్ళెంతో పైకి వచ్చింది. ఆ ఇంజనుకు మన నిమ్మకాయ ఎక్కువవుతుంది. ఆంటీ సంతలోంచి లిమావ్ కస్తూరి తెచ్చింది. ఇక్కడి చిన్న నిమ్మకాయలు, గోళీకాయంత ఉంటాయి. అమ్మ అగరుపుల్ల కొనతో ఇంజను నుదుటా, చక్రాలకూ గంధం, పసుపు, కుంకుమ పెట్టింది. దారానికి గుచ్చిన మల్లెమొగ్గ ఒక్కటే దండ. దీపం చూపించి, మంత్రం చదివింది. భాయ్ అంకుల్ టోపీ సర్దుకుని చేతులు కట్టుకు నిలబడ్డాడు. నాన్న చెప్పులు బయట విడిచి వచ్చాడు. ఆ గదిలో అప్పుడు ఎంత శాంతిగా ఉందో, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన వస్తుంది. మల్లె, నూనె, కర్పూరం.

సముద్రం ఇంకా ఉత్త చెక్కే. ఆంటీ బయట వెదురుగడ మీద ఆరేసిన తన పాత నేతచీర తెచ్చింది. ఒకప్పుడు నీలం. ఉతికి ఉతికి ఏ రంగో చెప్పలేకుండా అయిపోయింది. మడతలు పడేలా చెక్కమీద పరిచింది. అంకుల్ దాన్ని ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు.

"కొంచెం దగ్గిరగా ఉంది," అన్నాడు.

తర్వాత చిమటాతో ఎర్రచీర బొమ్మను ప్లాట్‌ఫారం మీంచి ఊడదీసి, కప్పులేని పెట్టెలో నిలబెట్టాడు. పక్కన ఆవిడ పెట్టె కూడా. చక్రాల ముందు రెండు పట్టాల మీదా రెండు చిన్న నిమ్మకాయలు పెట్టింది అమ్మ. అంకుల్ పొగగొట్టంలో నూనె చుక్క వేశాడు. భాయ్ అంకుల్ నోటితో కూత వేశాడు. బండి కదిలింది. నిమ్మకాయలు నిజంగానే పచక్‌మన్నాయి. అందరం చప్పట్లు కొట్టాం.

వంతెన దాటింది. గుట్టల దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక్కసారి ఊగి ఆగిపోయింది.

అంకుల్ మీట తిప్పాడు. ఇంజను జిజ్జుమంది. కదల్లేదు. ఆయన వంగి పట్టాలు చూశాడు. పసుపూ గంధమూ నిమ్మరసమూ కలిసి చక్రాలకంటుకుని, పట్టాల మీద పొరలా పరుచుకున్నాయి. ఇక చక్రాలకు కరెంటు ఎలా అందుతుంది? వేలి చెమటకే భయపడ్డ ఇంట్లో, మేమందరం కలిసి భక్తిగా పట్టాలకు అభిషేకం చేశాం. ఇంతమంది రైలు పిచ్చివాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

"యా అల్లా," అన్నాడు భాయ్ అంకుల్ నెత్తి పట్టుకుని. "మా షెడ్డుల బొగ్గింజను సాబ్. దానికేం ఫరక్ పడుతుండె."

అమ్మ ముఖం పాలిపోయింది. "బాబాయిగారూ, నావల్లేనండీ..."

"ఊరుకోమ్మా. పూజ చేసినావు, తప్పు చేసినావా ఏటి?"

తుడిచారు. స్పిరిటు గుడ్డతో అంకుల్ పట్టాలు, పళ్ళుతోమే బ్రష్షుతో నాన్న చక్రాలు. బండి బెత్తెడు దూరం పోయి ఆగింది. మళ్ళీ తుడిచారు. రసం పట్టాల సందుల్లోకి దిగింది, ఇంజను కడుపులోకి పోయింది. గుట్ట మలుపు తిరగలేదు. మధ్యాహ్నం దాటింది. పులిహోర చల్లారిపోయింది. సామాన్ల లారీ మర్నాడు పొద్దున వస్తుంది. అంకుల్ గుడ్డ పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాడు. నేను గోడ మూలకు పోయి, ఈసారి గుమ్మం సంగతి వదిలేసి, అమ్మా, బండి, బండి, అని మాత్రం అనుకున్నాను.

అప్పుడు ఆంటీ కొంగుకు చెయ్యి తుడుచుకుంది. బల్ల దగ్గరికి వచ్చింది. ఆ గదిలో చీపురు కూడా పెట్టని మనిషి, చూపుడు వేలు ఇంజను వెనక్కి ఆనించింది.

"ఏయ్..." అన్నాడు అంకుల్.

"నేనేమన్నా రైలు మనిషినా?" అంది ఆంటీ. నెట్టింది.

బండి కదిలింది. ఆంటీ దానితో పాటే, కుంటుకుంటూ, బల్ల వెంట నడిచింది. గొర్రెల పక్కగా, గుట్ట మలుపు తిరిగి, సొరంగం దాకా. సొరంగంలో వేలు పట్టదు. ఇటునుంచి ఒక్క తోపు తోసి, అటువైపుకు వెళ్ళి నిలబడింది. చీకట్లోంచి ముందు ఆకుపచ్చ ముక్కు వచ్చింది, తర్వాత ఎర్రచీర వచ్చింది. భాయ్ అంకుల్ ఎడమవైపుకు ఒరిగి పెద్దగా కేక వేశాడు. నాన్న వేశాడు, నేనూ వేశాను. అమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేసింది. చీర మడతల ఒడ్డున, చిన్న స్టేషనులో, బండి ఆగింది.

అంకుల్ లేచి వచ్చాడు. చిమటా తీసుకుని బొమ్మను ప్లాట్‌ఫారం మీదికి దించడానికి చూశాడు. చేయి కుదరలేదు. ఆంటీయే రెండు వేళ్ళతో పట్టుకుని దించుకుంది.

"చలేస్తోందా?" అని అడిగాడు ఆయన.

"వేస్తోంది," అంది. బయట ఎండ మండిపోతోంది.

రంపం భాయ్ అంకుల్ తెచ్చాడు. తెచ్చి, నాకు చేతకాదన్నాడు. అంకుల్ పట్టుకుని చెక్కమీద ఆనించి, మళ్ళీ కింద పెట్టేశాడు. ఆఖరికి నాన్న కోశాడు, మేకు కూడా సరిగ్గా కొట్టడం రాని నాన్న. చెమటలు కారుతుంటే, పెదవి కొరుక్కుంటూ, వంకరటింకరగా కోశాడు. కోస్తున్నంతసేపూ ఒక్కరూ ఆయనకు ఇలా కొయ్యి, అలా కొయ్యి అని చెప్పలేదు. రంపపు పొట్టు గొర్రెల మీద పడుతుంటే నేను ఊదుతూ కూర్చున్నాను. పట్టాలు తెగినప్పుడు వచ్చిన చప్పుడు చిన్నదే.

పెద్ద స్టేషను భాయ్ అంకుల్ తీసుకున్నాడు. సముద్రం ముక్క అంకుల్ వాళ్ళతో సెంగ్‌కాంగ్ వెళ్ళింది. గుట్ట మలుపు నాకిచ్చారు.

తర్వాత ఒక్కసారే ఆ కొత్త ఇంటికి వెళ్ళాం. చెప్పుల బీరువా మీద సముద్రం ఉంది. చీరను జిగురుతో అంటించేశాడు. బొమ్మ ఒడ్డున నిలబడి ఉంది. నిలబడ్డ బొమ్మగా చేశాడు కదా, కూర్చోబెట్టడం కుదరలేదట. "ఇక్కడా నిలబెట్టే ఉంచాడు చూడు," అంది ఆంటీ. అంకుల్ కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే డ్రైవరు లేని రైలును చూస్తున్నాడు. "పొగ లేదు, కూత లేదు, మడిసి లేడు. పాపం," అన్నాడు దానిమీద జాలిగా. అక్కడ ఆయన మళ్ళీ పట్టాలు వేయలేదు. వేయమని మేమూ అడగలేకపోయాం. ఆ పై ఏడు నాన్న పని ఇంకో దేశానికి మారింది. మేము మళ్ళీ ఈ దేశం వచ్చేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు.

బీరువాను మనుషులు వెనక్కి తీసుకుపోయారు. దానికోసం ఖాళీ చేసిన గోడ దగ్గర, అటకమీంచి దించిన నా ముక్కను పెట్టుకున్నాను. జానెడు పట్టా, ఒక గొర్రె, నాన్న కోసిన వంకర అంచు. బండి బయల్దేరిన చోటూ కాదు, చేరిన చోటూ కాదు. ఆగిపోయిన చోటు. గడ్డి రంగు మీద పసుపు మరక ఇంకా అలాగే ఉంది. ఎన్ని ఇళ్ళు మారినా పోలేదు. నేనడిగిన గుమ్మం నాకు దొరకలేదు. కానీ ఆ మరక దగ్గరే ఒక వేలు వచ్చి ఆనింది. అది చూసే భాగ్యం ఆ తల్లి నాకిచ్చింది. అంతకంటే ఏం అడగాలో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇంతేనా? రైలేదీ?" అంది మా అమ్మాయి.

"వెళ్ళిపోయిందమ్మా."

దసరా దగ్గర పడుతోంది. నిన్న సంతలో లిమావ్ కస్తూరి కొన్నాను. ఈసారి ఒకటి తీసి ఆ ముక్క ముందు పెడతాను. పట్టాల మీద కాదు. పక్కన.